వంటింటి కబుర్లు: గుడ్డుతో తీపి, సన్నసెగ మీద

ఈ నెల శీర్షిక చూడగానే మన సభ్యుల్లో కొందరు పేజీ తిప్పేస్తారని మాకు తెలుసు. దయచేసి తిప్పకండి. గుడ్డు తినేవారికంటే తిననివారికే ఈసారి కబుర్లతో ఎక్కువ పని ఉంది. తినేవారికి వంట చెబుతాం, తిననివారికి జాగ్రత్త చెబుతాం. రెండూ ఇదే పేజీల్లో ఇమడాలి కనుక ఉపోద్ఘాతం ఇంతటితో సరి.

పాయా లేబర్ అన్న పేరు వినగానే హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చినవారు నవ్వుకుంటారు. వారికి పాయా అంటే పొద్దున్నే నాన్‌తో తినే మేకకాళ్ళ షోర్వా. మలయ్ భాషలో పాయా అంటే చిత్తడి నేల, లేబర్ అంటే వెడల్పు. 1955 నుంచి సింగపూరు విమానాశ్రయం ఇక్కడే ఉండేది. 1981 జులైలో అది చాంగీకి తరలిపోయింది. అంతకు ముందు విమానంలో వచ్చిన మన పెద్దలు ఈ దేశంలో మొదట కాలుపెట్టింది ఇక్కడే. ఇప్పుడు ఇక్కడ దిగేది రైలు. 1989లో తెరిచిన ఎమ్మార్టీ స్టేషను నుంచి కాస్త నడిస్తే గేలాంగ్ సెరాయ్ మార్కెట్ వస్తుంది. సెరాయ్ అంటే నిమ్మగడ్డి. పాత మార్కెట్ తీసేసి కట్టిన కొత్త భవనం 2009లో తెరిచారు. అప్పటికప్పుడు తురిమి పిండి ఇచ్చే కొబ్బరిపాలు, కట్టలుగా కట్టిన పాండాన్ ఆకులు, అట్టపెట్టెల్లో గుడ్లు, అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. మా వంటింటికి ఆ మార్కెట్టే పుట్టిల్లు. ఈ నెల చెప్పబోయే వంటల్లో చాలావరకూ ఆ చుట్టుపక్కల ఇళ్ళల్లో తరతరాలుగా చేస్తున్నవే.

ముందు జాగ్రత్త సంగతి. కొత్తగా వచ్చినవారు కాఫీ దుకాణంలో రొట్టెకు రాసి ఇచ్చే 'కాయా'ను చూసి కొబ్బరి జామ్ కాబోలు అనుకుంటారు. పేరు కూడా మన చెవికి ఏదో కాయలాగే వినిపిస్తుంది. అది కాయా కాదు, పండూ కాదు. మలయ్‌లో కాయా అంటే సంపన్నమైనది అని అర్థం. కొబ్బరిపాలు, పంచదార, కోడిగుడ్లు కలిస్తేనే అది కాయా. అలాగే ఆకుపచ్చగా, దూదిలా ఉండే పాండాన్ కేకు. ఆ రంగు చూసి ఆకుతో చేసిందే కదా అని తినేస్తారు. నిజానికి అది పొంగేదే గుడ్డు తెల్లసొన నురగ వల్ల. శరత్కాలంలో చీనా స్నేహితులు పంపే మూన్‌కేకుల్లో చాలావాటి మధ్యన ఉప్పులో ఊరిన బాతుగుడ్డు పచ్చసొన ఉంటుంది. కొన్ని రకాల నూడుల్స్‌కి పిండి తడిపేటప్పుడే గుడ్డు కొడతారు. ప్రాటా పిండిలో గుడ్డు కలిపేవారూ ఉన్నారు, కలపనివారూ ఉన్నారు. అడిగి తెలుసుకోవలసిందే తప్ప కంటితో చూసి చెప్పలేం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మేము వెళ్ళిన ఒక పుట్టినరోజు వేడుకలో, తెనాలి నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ కూడా ఉన్నారు. ఆవిడ జన్మలో గుడ్డు ముట్టినవారు కాదు. కేకు ముక్క చేతికిస్తుంటే, "ఇందులో గుడ్డు లేదు కదా అమ్మా?" అని అడిగారు. "వట్టి కేకేనండీ పిన్నిగారూ, తీసుకోండి" అంది ఆ ఇంటి ఇల్లాలు. ఆవిడ సగం తిన్నాక పుట్టినరోజు పిల్లవాడు పరుగున వచ్చి, "మామ్మగారూ, నాలుగు గుడ్లూ నేనే పగలగొట్టాను, తెలుసా?" అన్నాడు గొప్పగా. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పళ్ళెం మెల్లగా పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి నోరు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి భోజనం కూడా చేయలేదు.

ఆ ఇల్లాలు అబద్ధమాడాలని ఆడలేదు. పదేళ్ళుగా ఇక్కడ ఉండేసరికి ఆమెకు కేకు అంటే కేకే, అందులో గుడ్డు ఉంటుందన్న స్పృహే పోయింది. ఇక్కడ పుట్టిన పిల్లలకైతే ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో కూడా తెలియదు. అంచేత మా మనవి ఒక్కటే. మన ఉగాది, సంక్రాంతి కూడికలకు ఎవరు ఏ పదార్థం తెచ్చినా గిన్నె పక్కన చిన్న కాగితం ముక్క పెట్టి 'గుడ్డు ఉంది' అనో 'గుడ్డు లేదు' అనో తెలుగులో రాయండి. 'కొంచెమే వేశాం', 'వాసన కూడా రాదు' అన్నవి సమాధానాలు కావు. వాసన రాకపోతే మరీ ప్రమాదం.

పిల్లలు ఇక్కడ ఒక వాదం తెస్తారు, వారిని మందలించకండి. బడిలో స్నేహితులు గుడ్డును శాకాహారమే అంటారు. పాశ్చాత్య దేశాల శాకాహారుల్లో చాలామంది గుడ్డు తింటారు కూడా. మన దేశంలో మాత్రం పొట్లాల మీద వేసే గుర్తుల లెక్కలో గుడ్డు ఉన్నది మాంసాహారమే, పచ్చగుర్తు దానికి ఉండదు. మరోవైపు 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడి, మన తెలుగువారైన డాక్టర్ బి.వి. రావుగారి నాయకత్వంలో గుడ్డును ఇంటింటికీ ప్రచారం చేసింది. దూరదర్శన్‌లో ఆ ప్రకటనలు చూసి పెరిగినవారు మనలోనే ఉన్నారు. పొదగని గుడ్డులో జీవం లేదు కదా అన్న మాట కూడా అప్పుడే బాగా వ్యాపించింది. ఎవరి లెక్క వారిది. మామ్మగారి లెక్క మామ్మగారిది అని పిల్లలకు చెబితే చాలు, వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఎందుకంటే పక్కింటి మలయ్ స్నేహితుడు ఏది తినడో, ఎందుకు తినడో వాళ్ళకు మనకంటే బాగా తెలుసు.

మా అంతస్తులో ఉండే మక్చిక్ ఒకావిడ ఉన్నారు. మక్చిక్ అంటే మలయ్‌లో పిన్నిగారి వంటి పిలుపు. దీపావళికి మేము ఏ డబ్బా పట్టుకెళ్ళినా ఆవిడ మొహమాటం లేకుండా అడుగుతారు, ఇందులో ఏమేమి వేశారు అని. మేము చెబుతాం. హరిరాయా పండుగకు ఆవిడ డబ్బా వచ్చినప్పుడు మేమూ అలాగే అడుగుతాం. ఆవిడ వేలితో చూపించి ఇది గుడ్డు, ఇది గుడ్డు కాదు అని విడదీసి చెబుతారు. తెలుగువాళ్ళం మనలో మనమే అడగడానికి ఎందుకింత సంకోచపడతామో మాకు అర్థం కాదు. అన్నట్టు, ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకపోవడం ఆవిడకూ అలవాటే, మనకూ అలవాటే. మా డబ్బాలు ఏళ్ళ తరబడి రెండిళ్ళ మధ్యన తిరుగుతూనే ఉన్నాయి.

ఇక వంటలు. గుడ్డుతో తీపి అనగానే తినేవారు సైతం, "నీచు వాసన వస్తుందండీ" అని వెనక్కి తగ్గుతారు. నిజమే, వస్తుంది. కానీ తప్పు గుడ్డుది కాదు, మంటది. మన తీపి వంటలన్నీ పెద్ద మంటకు తట్టుకునేవి. బెల్లం పాకం కుతకుత ఉడకాలి, పాలు మరిగి మరిగి కోవా కావాలి, బూరెలు కాగే నూనెలో తేలాలి. గుడ్డుతో మనం ఎరిగినవి పులుసు, పొరటు, అట్టు. పులుసులో వేసేది ముందే ఉడికిన గుడ్డు, అది ఎంతసేపు మరిగినా ఫరవాలేదు. పొరటు రెండు నిమిషాల్లో దించేస్తాం. అంచేత గుడ్డుతో మెల్లగా మసలడం మన చేతికి అలవాటు కాలేదు. మన ప్రాంతంలో గుడ్డు తీపి అంటే హైదరాబాదు పాతబస్తీలో గుడ్లు, కోవా, పంచదార, నెయ్యి కలిపి చేసే అండే కీ లౌజ్ ఒకటి గుర్తుకు వస్తుంది. కోస్తా జిల్లాల ఇళ్ళల్లో అదీ చేయరు.

గుడ్డు తెల్లసొన 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటగానే గట్టిపడడం మొదలుపెడుతుంది, పచ్చసొన మరికాస్త వేడికి. పాలు, పంచదార కలిస్తే ఆ హద్దు 80 దాకా జరుగుతుంది. ఆ హద్దు మీద మెల్లగా నడిపితే మీగడలా చిక్కబడుతుంది. ఇంకొంచెం దాటిందా, ముద్దలు ఒకవైపు, నీళ్ళు ఒకవైపు. వేడి మితిమీరితే తెల్లసొనలోని గంధకం వాయువుగా బయటికి వస్తుంది. మనం నీచు అని ముక్కు మూసుకునేది చాలామటుకు అదే. బాగా ఉడికిపోయిన గుడ్డులో పచ్చసొన చుట్టూ కనిపించే ఆకుపచ్చ వలయం కూడా ఆ గంధకం చేసిన పనే. కాబట్టి కింద చెప్పే వంటల్లో ఎక్కడ సన్నసెగ అని రాశామో అక్కడ నిజంగానే సన్నసెగ సుమండీ.

మొదట కాయా. ఇంట్లో చేసిన కాయాకూ దుకాణపు సీసాకూ పోలికే లేదు. 4 గుడ్లు, 180 గ్రాముల పంచదార, 200 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలు, 4 పాండాన్ ఆకులు. పాండాన్ మన మొగలి జాతిదే, కాకపోతే ఇక్కడ వాసన పువ్వులో కాక ఆకులో ఉంటుంది. ఊరికి వెళ్ళినప్పుడు అది దొరక్కపోతే నాలుగు ఏలకులు చితక్కొట్టి వేయండి, రుచి వేరైనా బాగానే ఉంటుంది. గుడ్లూ పంచదారా నురగ రాకుండా కలపాలి. కవ్వంతో గిలక్కొట్టకండి, గరిటెతో తిప్పితే చాలు. కొబ్బరిపాలు పోసి అంతా పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఈ వడకట్టడం మానకూడదు. తెల్లసొనలో ఉండే తీగలాంటి పోగులు అక్కడే ఆగిపోతాయి, లేకపోతే కాయాలో తెల్లటి పీచు తేలుతుంది.

తరువాత పెద్ద గిన్నెలో నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు కాచి, మంట తగ్గించి, దాని మీద ఈ గిన్నె కూర్చోబెట్టాలి. పై గిన్నె అడుగు నీళ్ళకు తగలకూడదు. ముడి వేసిన పాండాన్ ఆకులు అందులో వేసి చెక్క గరిటెతో తిప్పుతూ ఉండాలి. మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరగదు. ఇక్కడే చాలామందికి ఓపిక చాలక మంట పెంచుతారు. పెంచకండి. అరగంట దాటాక గరిటె వెనక పూత నిలవడం మొదలవుతుంది. ముప్పావుగంట, గంటకు జారే పాలకోవాలా అవుతుంది. ఒకవేళ పాలు విరిగినట్టు పలుకులు కడితే పారబోయకండి, చల్లారాక మిక్సీలో ఒక్కసారి తిప్పితే నున్నగా కలిసిపోతుంది. ఆకుపచ్చ రంగు కావాలంటే మరో రెండు ఆకులు నూరి రసం పోయండి. హైనాన్ వారి పద్ధతిలో గోధుమరంగు కావాలంటే రెండు చెంచాల పంచదార మూకుట్లో ఎర్రగా కరిగించి చివరలో కలపండి. ఇంగ్లీషు దొరల ఇళ్ళల్లోనూ, ఓడల్లోనూ వంట చేసిన హైనాన్‌వారే ఇక్కడి కాఫీ దుకాణాలు తెరిచి, కాల్చిన రొట్టె, కాయా, వెన్న, పక్కన సగం ఉడికిన గుడ్లు అన్న ఉదయపు ఫలహారాన్ని ఈ ఊరికి అలవాటు చేశారు. ఆ సగం ఉడికిన గుడ్డు మీద సోయా, మిరియాలపొడి వేసుకుని తాగడం మాత్రం మా ఇంట్లో పిల్లలకే చెల్లింది. ఇంట్లో చేసిన కాయా ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంటుంది. తడి చెంచా పెట్టకూడదు.

గుడ్డు తిననివారికి కూడా కాయా ఉంది. తీపి గుమ్మడికాయ ముక్కలు ఆవిరిమీద ఉడికించి, మెత్తగా మెదిపి, కొబ్బరిపాలు, పంచదార, పాండాన్ ఆకు వేసి సన్నసెగమీద ఇరవై నిమిషాలు తిప్పితే అచ్చం అదే రంగు వస్తుంది. ఇక్కడి చీనా శాకాహారులు చేసుకునే పద్ధతి ఇది. రంగు అదే కాబట్టి సీసా మీద పేరు రాయడం మరువకండి.

రెండోది కుయే బహులు. చిన్న చిన్న పువ్వుల్లా, చేపల్లా ఉండే గుడ్డు కేకులు. పోర్చుగీసు భాషలో కేకును బోలో అంటారు, ఈ పేరు అక్కడినుంచే వచ్చింది. వాళ్ళు 1511లో మలక్కాను పట్టుకున్నాక వదిలి వెళ్ళినవాటిలో ఇదొకటి. ఇందులో నెయ్యి, నూనె ఏమీ కలవదు, అచ్చుకు రాసేది తప్ప. పాతకాలంలో మూత ఉన్న ఇత్తడి అచ్చులో పోసి కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చేవారు. 4 గుడ్లు, 150 గ్రాముల పంచదార, 150 గ్రాముల మైదా, అరచెంచా బేకింగ్ పౌడర్. మైదాను ముందు వట్టి మూకుట్లో రంగు మారకుండా కాసేపు వేడిచేసి చల్లార్చి జల్లించుకోవాలి. ఈ ఊరి చెమ్మకు పిండి ఎప్పుడూ కాస్త తడిగానే ఉంటుంది, అందుకని. ఇక్కడ మాత్రం కాయాకు చెప్పినదానికి విరుద్ధం. గుడ్లూ పంచదారా బాగా గిలక్కొట్టాలి. చేత్తో అయితే పావుగంట, మిషనుతో అయితే ఎనిమిది నిమిషాలు, తెల్లగా చిక్కబడి, గరిటె ఎత్తితే ధార ముగ్గులా నిలవాలి. గిన్నెకు నూనె జిడ్డు ఉంటే ఎంత కొట్టినా నురగ రాదు. మైదా మూడు విడతలుగా, నురగ చావకుండా, మెల్లగా కలపాలి. వేడి అచ్చుల్లో ముప్పాతిక వంతు పోసి, 200 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నుంచి పది నిమిషాలు.

అచ్చు లేదని ఆగకండి. మన పొంగణాల పెనం ఉందిగా! రాయలసీమవారి ఇళ్ళల్లో అది తప్పకుండా ఉంటుంది, లేనివారు వారిని అడగండి. గుంతలకు నూనె రాసి, పెనం కాగాక పిండి పోసి, మూతపెట్టి, అతి సన్నటి సెగమీద ఐదారు నిమిషాలు ఉంచితే చాలు. పైన ఎర్రబడదు కానీ గుండ్రంగా, మెత్తగా వస్తాయి. చల్లారాక బిగుతు డబ్బాలో పెడితే పది రోజులు ఆగుతాయి.

మూడోది చూసి మీరు ఆశ్చర్యపోతారు, ఎందుకంటే అది మనదే. చీనా నూతన సంవత్సరానికి, హరిరాయాకు ఇక్కడి దుకాణాల్లో గాజుసీసాల నిండా కనిపించే కుయే లోయాంగ్ మరేదో కాదు, మన గులాబీ పువ్వులే! అదే ఇనుప అచ్చు, అదే కాడ, నూనెలో ముంచి ఊపి వదలడం కూడా అదే. లోయాంగ్ అంటే ఇత్తడి. దీన్నే కుయే గోయాంగ్ అనీ అంటారు, గోయాంగ్ అంటే ఊపడం. కేరళలో అచ్చప్పం, ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళల్లో క్రిస్మస్‌కు రోజ్ కుకీ, స్వీడన్‌లో కూడా ఇలాంటి అచ్చుతోనే ఒక వంట ఉంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పెద్దలు తేల్చుకోనీ. మా మక్చిక్‌కు మా అమ్మగారి కాలంనాటి అచ్చు చూపిస్తే ఆవిడ లోపలికి వెళ్ళి తన అచ్చు తెచ్చి పక్కన పెట్టారు. రేకులు ఎనిమిదికి ఎనిమిది.

మన ఇళ్ళల్లో గుడ్డు వేసి చేసేవారూ ఉన్నారు, వేయకుండా చేసేవారూ ఉన్నారు. గుడ్డుతో అయితే: కప్పు బియ్యప్పిండి, కప్పు మైదా, ముప్పావు కప్పు పొడి పంచదార, 2 గుడ్లు, కప్పు చిక్కటి కొబ్బరిపాలు, చిటికెడు ఉప్పు, చెంచాడు నువ్వులు. పిండి దోసెల పిండికంటే కాస్త పల్చగా ఉండాలి, చాలకపోతే నీళ్ళు పోయండి. గుడ్డు వద్దనుకుంటే అది మాని, కొబ్బరిపాలు మరికాస్త పోసి, బియ్యప్పిండి పాలు రెండు చెంచాలు పెంచండి. కరకరలాడడంలో పెద్ద తేడా రాదు. కాబట్టి మన కూడికలకు గుడ్డు లేనివే చేయడం మేలని మా అభిప్రాయం.

దీనిలో కష్టమంతా అచ్చు దగ్గరే. కొత్త అచ్చును ముందురోజు రాత్రంతా నూనెలో నానబెట్టాలి. పిండిలో ముంచే ముందు అచ్చు నూనెలోనే ఉండి బాగా కాగాలి, ముంచగానే చుయ్‌మనాలి. అచ్చు చల్లగా ఉంటే పిండి పట్టదు, మరీ కాగితే ముంచీ ముంచకముందే జారిపోతుంది. ముప్పాతిక వంతే ముంచండి. పిండి అచ్చు పైఅంచు దాటి ఎక్కిందా, ఇక పువ్వు ఊడదు, పుల్లతో పొడుచుకోవలసిందే. పంచదార ఎక్కువైతే కూడా అంటుకుంటుంది, త్వరగా నల్లబడుతుంది. మొదటి రెండు మూడూ ఎవరికీ సరిగ్గా రావు, వాటిని పిల్లలకు ఇచ్చి పంపేయండి. తీసిన పువ్వులు పూర్తిగా చల్లారాకే డబ్బాలో సర్దాలి. ఈ ఊరి గాలిలో తేమకు మూత తీసి ఉంచితే గంటలోనే మెత్తబడతాయి.

పనిలో పనిగా ఒక మాట. చీనా నూతన సంవత్సరానికే వచ్చే కుయే కాపిత్ అనే గుడ్డు, కొబ్బరిపాల రేకులు చూసినప్పుడల్లా మాకు ఆత్రేయపురం పూతరేకులు గుర్తుకు వస్తాయి. అక్కడ బోర్లించిన కుండ, ఇక్కడ రెండు ఇనుపబిళ్ళల పట్టకారు. రెండుచోట్లా వేళ్ళు కాలకముందే మడవాలి.

పాండాన్ కేకు చేయడం ఎలాగని చాలామంది అడిగారు. చిఫాన్ అనే ఆ రకం కేకును 1927లో లాస్ ఏంజిలిస్‌లో హ్యారీ బేకర్ అనే బీమా ఏజెంటు కనిపెట్టి, ఇరవై ఏళ్ళు రహస్యంగా దాచుకుని, తరువాత జనరల్ మిల్స్ కంపెనీకి అమ్మాడు. ఇక్కడ దానికి పాండాన్ రంగు, రుచి పట్టాయి. ఇండోనేషియా నుంచి వచ్చిన అనస్తాసియా ల్యూ గారు ఇంట్లో కేకులు చేసి అమ్ముతూ, 1979లో మెరీన్ టెర్రస్‌లో బెంగావాన్ సోలో దుకాణం తెరిచారు. ఇంట్లో చేసిన వంటతో ఎంత దూరం వెళ్ళవచ్చో చెప్పడానికి ఆవిడ పేరు చాలు. కానీ ఆ కేకు తయారీకి గొట్టం ఉన్న ప్రత్యేకమైన డబ్బా, కాలిన తరువాత తలకిందులుగా నిలబెట్టే ఓపిక కావాలి. 'సులువైన' అని చెప్పుకున్న శీర్షికలో దాన్ని రాయడం న్యాయం కాదు. మానేస్తున్నాం.

దానికి బదులు ప్రెషర్ కుక్కర్‌లో కారమెల్ పుడ్డింగ్ చేసి చూడండి. ఓవెన్ లేని రోజుల్లో మన ఊళ్ళల్లో అతిథులు వస్తే ఇదే ఘనం. నాలుగు చెంచాల పంచదార డబ్బా అడుగున ఎర్రగా కరిగించి ఆరనివ్వాలి. అర లీటరు పాలు గోరువెచ్చగా చేసి, 4 గుడ్లు, ఐదారు చెంచాల పంచదార, కాస్త వెనీలా కలిపి వడకట్టి అందులో పోయాలి. డబ్బాకు రేకు కాగితం బిగించి, కుక్కర్‌లో నీళ్ళు పోసి, వెయిట్ పెట్టకుండా సన్నసెగమీద ఇరవై ఐదు నిమిషాలు. వెయిట్ పెడితే లోపలి వేడి 100 డిగ్రీలు దాటి, పుడ్డింగ్ నిండా తేనెపట్టులా రంధ్రాలు పడతాయి. మధ్యలో పుల్ల గుచ్చితే అంటకుండా రావాలి, కదిపితే మాత్రం కాస్త వణకాలి.

కారంలో ఒక్కటి. మలయ్‌వారి రొట్టి జాలా, అంటే వలరొట్టె. కప్పు మైదాకు ఒక గుడ్డు, కప్పుంబావు పల్చటి కొబ్బరిపాలు, పసుపు, ఉప్పు. నున్నగా కలిపి వడకట్టి, చిల్లుల గరిటెతో పెనం మీద వల అల్లినట్టు తిప్పి పోసి, కాలాక మడవాలి. వాళ్ళు కోడికూరతో తింటారు. మేము చింతపండు పులుపు తగిలే కోడిగుడ్డు పులుసుతో తిన్నాం, అదే బాగుందని మా ఇంటిల్లిపాదీ తీర్పు.

ఇక మీ ప్రశ్నలు. డబ్బా కొబ్బరిపాలు వాడవచ్చా అని ఒక సోదరి అడిగారు. పుడ్డింగుకూ రొట్టెకూ వాడవచ్చు, కాయాకు మాత్రం గేలాంగ్ సెరాయ్ దాకా నడవండి. మన ఊళ్ళో చేసినట్టు కుక్కర్‌లో ఇసుక పోసి కేకు కాల్చవచ్చా అని మరొకరు. కాల్చవచ్చు. రబ్బరు రింగు, వెయిట్ తీసేయాలి, అడుగున ఇసుక బదులు రాళ్ళ ఉప్పు పోసినా సరిపోతుంది. కానీ ఆ కుక్కర్ ఇక కేకులకే కేటాయించుకోండి, అడుగు పాడవుతుంది.

మూడో ప్రశ్న ఊరినుంచి అత్తగారు వస్తున్న ఒక చెల్లెమ్మది: గుడ్డు వండిన గిన్నెల వాసన ఎంత కడిగినా పోవడం లేదు, ఏం చేయాలి అని. అందరూ చేసేది వేడినీళ్ళు పోసి తోమడం. వేడినీళ్ళు తగిలితే గిన్నెకు అంటిన గుడ్డు అక్కడే ఉడికి మరింత గట్టిగా పట్టుకుంటుంది. ముందు చన్నీళ్ళతో పూర్తిగా కడిగి, తరువాత నిమ్మచెక్కతోనో నానిన చింతపండు పిప్పితోనో రుద్ది, ఆ పైన సబ్బు, వేడినీళ్ళు. అత్తగారు ఉన్నన్నాళ్ళూ గుడ్డుకు ఒక గిన్నె, ఒక గరిటె, ఒక పీచు విడిగా పెట్టుకుని, ఏ గిన్నె ఏదో ఆవిడకు మొదటిరోజే చూపించండి.